పగలని పలకలు

మేకలాయన ఇంటి వెనక గదిలో అద్దాలోడు గాజుపలకకు మసి పూస్తుండగా బయట మొదటి రాయి పడింది. భళ్లున అద్దం పగిలిన చప్పుడు. ఆ వెంటనే టిప్పరు హారను ఆగకుండా మోగడం మొదలుపెట్టింది.

అద్దాలోడు తల కూడా తిప్పలేదు. పగిలింది లారీ అద్దం. అది అతని లెక్కలోది కాదు.

అతని చేతిలో వంటనూనె, పొయ్యి మసి కలిపి ముంచిన గుడ్డపీలిక ఉంది. గోడ పగులుకు అడ్డంగా అతికించిన పలక అంచుల వెంట, దాని రెండు చివర్లా ఉన్న ప్లాస్టరు ముద్దల మీద దాన్ని నెమ్మదిగా రుద్దుతున్నాడు. రుద్ది, ఒక అడుగు వెనక్కి వేసి, మెడ వంచి చూశాడు. పోయిన వారం అతికించిన గాజు. మూలన రాసిన తేదీ మాత్రం నాలుగేళ్ల కిందటిది. మొహానికీ వయసుకీ కాస్తయినా పొంతన కుదరాలి.

టైము ఏడూ ఇరవై. పదకొండుకి గనుల తనిఖీ ఆఫీసరు వస్తుంది. ఇంకా పంతొమ్మిది పలకలున్నాయి.

"ఏం చేస్తున్నావ్ రా?"

గుమ్మంలో మేకలాయన. అరవై దాటిన మనిషి, భుజం మీద కర్ర, కర్ర మీద రెండు చేతులు.

"తుడుస్తున్నా బాబాయ్. ఆఫీసర్లొస్తున్నారుగా."

"తుడిస్తే నల్లబడుతుందేంటి?"

"నీ ఇంట్లో పొగ అలాంటిది బాబాయ్."

మేకలాయన దగ్గరికొచ్చి పలకను చాలాసేపు చూశాడు. పాత శత్రువును చూసినట్టు చూశాడు. "అప్పుడు పగిలింది రా ఇది. నా కళ్లతో చూశా. ఇక్కడ, సరిగ్గా మధ్యకి."

"మళ్లీ మొదలెట్టావా?"

అంతే. ఆ ఒక్క మాటకే ముసలాయన తల దించుకుని బయటికి పోయాడు. మూడేళ్ల పైచిలుకు నుంచి ఊరంతా కలిసి ఆయనకు ఇచ్చిన శిక్షణ అది.

ఆ పలకల సంగతి ఇది. గని కోసం ఊళ్లో సగం తీసుకున్నారు. పటం మీద గీసిన గీతకు లోపలున్న ఇళ్లవాళ్లను నాలుగేళ్ల కిందట కొత్త కాలనీకి తరలించారు. గీతకు బయట ముప్పై రెండు ఇళ్లు మిగిలాయి. కాగితాల్లో దాన్ని 'మిగులు ప్రాంతం' అన్నారు. కాలనీవాళ్లు దాన్ని మిగులు అన్నారు. ఇప్పుడు అక్కడి మనుషులు కూడా తమను తాము మిగులోళ్లమనే చెప్పుకుంటున్నారు. ఆ మాటలో ఉన్న అవమానం ఎప్పుడు అరిగిపోయిందో వాళ్లకే తెలియదు.

రోజూ మధ్యాహ్నం మూడింటికి గనిలో పేలుస్తారు. మిగులు గోడలు బీటలు వారతాయి. బీటకు అడ్డంగా జానెడు పొడవు, రెండు వేళ్ల వెడల్పు, కాగితమంత పలచటి గాజుపలక అతికిస్తారు. మూలన తేదీ రాస్తారు. గోడ వెంట్రుకవాసి కదిలినా గాజు టప్పున విరుగుతుంది. విరిగితే ఆ ఇల్లు కాపురానికి పనికిరాదని రాయాలి. రాస్తే ఆ ఇంటివాళ్లకు కాలనీలో ఇల్లివ్వాలి. నియమం అదీ. ముప్పై రెండు ఇళ్లలో నలభై ఏడు పలకలు. రోజూ వాటిని చూసి, పుస్తకంలో 'బాగుంది' అనో 'పగిలింది' అనో రాయడం అద్దాలోడి ఉద్యోగం.

నాలుగేళ్లలో ఒక్క పలకా పగల్లేదు.

నిన్న మూడింటి పేలుడుకు దర్జీ ఇంటి పడమటి గోడ మొత్తం కూలింది. గోడ కింద దర్జీ తల్లి ఉంది.

అద్దాలోడు సంచి భుజాన వేసుకుని వీధిలోకి వచ్చాడు. నలభై ఆరేళ్ల మనిషి. సన్నటి మెడ, దాని చుట్టూ వదులుగా కాలరు. ఎంత ఉక్కపోసినా పైగుండీ దాకా పెట్టుకుంటాడు. కంపెనీ ఇచ్చిన బూట్లు ఒక సైజు పెద్దవి. మార్చమని అడగడానికి నాలుగేళ్లుగా ధైర్యం చాలక, వేళ్ల దగ్గర గుడ్డలు కుక్కుకుని నడుస్తాడు. గోళ్ల కింద ఎప్పుడూ తెల్లటి ప్లాస్టరు. మనుషులతో మాట్లాడేటప్పుడు కూడా వాళ్ల వెనకున్న గోడనే చూస్తాడు. ఎదురుగా ఉన్నప్పుడు అద్దాలాయన, అటు తిరిగాక అద్దాలోడు. ఆ రెండో పేరు తనకు తెలుసు. తెలియనట్టు ఉండటం అతనికి వచ్చిన విద్యల్లో ఒకటి.

గని రోడ్డుకు అడ్డంగా మిగులోళ్లు కూర్చున్నారు. వాళ్ల ముందు పదకొండు టిప్పర్లు నిలబడ్డాయి. టిప్పర్ల వెనక నుంచి కాలనీవాళ్లు కర్రలతో వచ్చారు. గని తవ్వేది, లారీలు తోలేది వాళ్లు. లారీ ఆగితే వాళ్ల కూలి ఆగుతుంది. నాలుగేళ్ల కిందటి వరకు ఇటువాళ్లూ అటువాళ్లూ ఒకే చేదబావి దగ్గర తిట్టుకున్నవాళ్లు. ఇప్పుడు తిట్టుకోవడానికి రోడ్డు వెడల్పుగా దొరికింది.

"మీకు ఇళ్లు రాకపోతే మా నోటి దగ్గర కూడు తీస్తారా?"

"నీ ఇల్లు ఇచ్చెయ్, నీ లారీకి నేనే దారి ఊడ్చిపెడతా!"

"ఇస్తాం, నీ అందం చూసి రాసిస్తాం!"

కొట్టు పిన్ని అందరికంటే ముందు కూర్చుంది. మిగులులో ఉన్న ఒకే ఒక్క కొట్టు ఆమెది. ఎదురుగా కాలనీ గుంపులో ఆమె సొంత చెల్లెలు నిలబడి ఉంది.

"ఇంట్లో కొళాయి తిప్పితే నీళ్లొస్తున్నాయని నీకు కొమ్ములొచ్చాయే" అంది కొట్టు పిన్ని.

"వచ్చాయి. నీకేం నొప్పి?"

"రేపు మీ గీత కూడా జరుపుతారు, అప్పుడు తెలుస్తుంది."

"జరిపినప్పుడు చూద్దాం. ముందు లే అక్కా, మీ మరిది రెండో షిఫ్టుకి పోవాలి."

కొట్టు పిన్ని లేవలేదు. అద్దాలోడిని చూసి గొంతు పెంచింది. "ఏమయ్యా అద్దాలాయనా! నాలుగేళ్లుగా నా ఇంట్లో గిన్నెలు పగిలాయి, దీపాలు పగిలాయి, మా ఆయన ముందు పన్ను కూడా పగిలింది. నీ పలక మాత్రం పగలదేంటయ్యా? అదే కంపెనీదో చెప్పు, నా కొట్లో గ్లాసులు కూడా అవే తెప్పిస్తా!"

రెండు వైపులా నవ్వారు. కాలనీవాళ్లు కూడా. అద్దాలోడు కూడా నవ్వాడు. నవ్వుతూనే ఇటుకలాయన ఇంట్లోకి దూరాడు. అక్కడ రెండు పలకలున్నాయి.

అతనికి ఈ పని ఎవరూ నేర్పలేదు. ఎవరూ చెయ్యమనలేదు. అదే అందులో నీచం.

ఉద్యోగంలో చేరిన మూడో నెల. బడిపంతులు ఇంట్లో నిచ్చెన దిగుతుంటే సంచి తగిలి పలక విరిగింది. ఇంట్లో ఎవరూ లేరు. పుస్తకంలో 'నా చెయ్యి తగిలి పగిలింది' అని రాస్తే సరిపోయేది. గని ఇంజనీరు రెండు మాటలు అనేవాడు, సాయంత్రానికి మర్చిపోయేవాడు. కానీ ఆ రెండు మాటలు పడాలంటే మనిషికి కాస్త మందపాటి తోలుండాలి. అద్దాలోడు పది నిమిషాలు చెమటలు కక్కుతూ నిలబడ్డాడు. తర్వాత కొత్త పలక అతికించాడు. పాత పలక మీది తేదీ దాని మీద దించాడు. ముక్కలు సంచిలో వేసుకుని వెళ్లిపోయాడు.

ఏమీ కాలేదు. అతని జీవితంలో జరిగిన అతి పెద్ద సంఘటన అదే. తప్పు చేశాడు, ఏమీ కాలేదు.

ఆ నెలాఖరున ఇంజనీరు పదిమందిలో అతని భుజం తట్టాడు. "చూసి నేర్చుకోండి. ఈయన వాడలో ఒక్కటీ పగల్లేదు." గాజు పగలకపోవడం తన పనితనమైనట్టు అద్దాలోడికి ఒళ్లు పులకరించింది. పుట్టి అన్నేళ్లయినా ఎవరూ అతన్ని చూసి నేర్చుకోమని ఎవరికీ చెప్పలేదు.

ఆ తర్వాత రెండు నెలలకు మేకలాయన ఇంట్లో పలక నిజంగానే పగిలింది. పేలుడుకే పగిలింది. మేకలాయన మేకలను కూడా విడిచిపెట్టి వీధంతా పరిగెత్తాడు. "పగిలింది! మాది పగిలింది! మేం కాలనీకి పోతున్నాం!" పొరుగూళ్ల బంధువులకు అప్పుడే కబురంపాడు. కొడుకు, కోడలు పాత మంచాలు అమ్మేశారు. సాయంత్రం ఇంటివాళ్లంతా కాలనీలో ఇల్లు ఎంచుకోవడానికి వెళ్లినప్పుడు అద్దాలోడు వచ్చాడు. ఐదు నెలలుగా 'బాగుంది' అని రాసిన పుస్తకం అతని సంచిలో ఉంది. 'పగిలింది' అన్న మాట రాయడానికి అతనికి చెయ్యి తిరగలేదు.

మర్నాడు పొద్దున పలక చూడటానికి ఊరంతా వచ్చింది. పలక నిక్షేపంలా ఉంది.

అప్పటినుంచి మేకలాయన కనపడితే చాలు, చిన్నా పెద్దా ఒకటే మాట. "ఏం బాబాయ్, పగిలిందా?" బావి దగ్గర అదే. చావు ఇంటి దగ్గర అదే. కొడుకు మొహం చెల్లక కోడలితో సహా వేరే ఊరు పోయాడు. నాలుగో నెలలో మేకలాయన కూడా కలే కని ఉంటాననుకోవడం మొదలుపెట్టాడు.

మిగులోళ్లకు ఆ వినోదం అవసరమే. వాళ్లలో ఒక్కొక్కరూ తమ పలక పగలాలని కోరుకున్నదానికంటే పక్కింటి పలక తమకంటే ముందు పగలకూడదని ఎక్కువ కోరుకున్నారు. పొద్దున్నే లేచి ముందు పక్కవాళ్ల పలక చూసి, తర్వాత తమది చూసుకునేవాళ్లు. కంపెనీకి అంతకంటే మంచి కాపలాదార్లు ఎక్కడ దొరుకుతారు?

అద్దాలోడు ఆ తర్వాత వెనక్కి చూడలేదు. పేలుడు కాగానే, జనం పనుల నుంచి తిరిగొచ్చేలోపే ఇళ్లన్నీ చుట్టేసేవాడు. నాలుగేళ్లలో నూట పాతిక పలకలు మార్చాడు. ఒక్క పలకా పగలని చోటికి అన్ని గాజుపెట్టెలు ఎందుకని అడగాల్సిన స్టోరు గుమస్తా పెట్టెకో సంతకం పెట్టించుకుని టీ తాగడానికి వెళ్లేవాడు. పోయిన ఏడు భద్రతా దినోత్సవం రోజు కంపెనీ అద్దాలోడికి గోడగడియారం బహుమతిగా ఇచ్చింది. కాలనీలో అతనికిచ్చిన రెండు గదుల ఇంట్లో, ముందు గదిలో అది వేలాడుతోంది. భార్య రోజూ తుడుస్తుంది. మిగులు పేరెత్తితే "మీ ఊరోళ్లు" అంటుంది. పుట్టింది తను కూడా అక్కడే.

దర్జీ ఇంటి పలకను ఈ వానాకాలంలోనే మూడుసార్లు మార్చాడు. చివరిసారి పదకొండు రోజుల కిందట. మంచం మీద దర్జీ తల్లి కూర్చుని ఉంది. చూపు పోయి చాలా ఏళ్లయింది. సంచి చప్పుడును బట్టి మనిషిని గుర్తుపట్టింది.

"నువ్వా నాయనా. నా గోడ ఎలా ఉంది?"

పగులులో అతని చిటికెన వేలు దూరింది.

"బలంగా ఉంది పెద్దమ్మా."

"మంచిమాట చెప్పావు. మావాడేమో కాలనీ కాలనీ అని ప్రాణం తీస్తున్నాడు. ఈ గోడ నా పెళ్లికి కట్టింది."

నిన్న గోడ కూలగానే అందరికంటే ముందు చేరింది అద్దాలోడే. తర్వాత వచ్చినవాళ్లు మట్టిపెళ్లలు ఎత్తి ఆమె కాళ్లు పట్టుకుని లాగుతుంటే, అతను వంగి గాజుముక్కలు ఏరుకున్నాడు. సహాయం చేస్తున్నాడనుకున్నారు. ఒకాయన మెచ్చుకున్నాడు కూడా.

పదకొండు దాటి పది నిమిషాలకు జీపు వచ్చింది. పోలీసులు టిప్పర్లకూ జనానికీ మధ్య నిలబడ్డారు. తనిఖీ ఆఫీసరు పొట్టిగా, మందపాటి కళ్లద్దాలతో, కాన్వాసు బూట్లతో దిగింది. ఇంజనీరు ఆమెకు గొడుగు పట్టబోయాడు. ఆమె పక్కకు జరిగింది. గొడుగు కాసేపు ఎవరికీ కాకుండా గాల్లో ఉండిపోయింది.

కూలిన గోడ దగ్గర ఆమె ఎక్కువ మాట్లాడలేదు. ఇటుకలు కాలితో కదిపి చూసింది.

"ఇక్కడి పలక?"

"ముక్కలు దొరకలేదు మేడమ్" అన్నాడు ఇంజనీరు. "మొన్నటి వరకు బాగున్నట్టు పుస్తకంలో ఉంది. నాలుగేళ్లుగా రోజూ ఉంది."

"అంత బాగున్న గోడ ఎందుకు పడింది?"

"వీళ్లే ఏదో గుంట తవ్వుకున్నారట. మరుగుదొడ్డికి." ఇంజనీరు అద్దాలోడి వైపు తిరిగాడు. "ఏమయ్యా, తవ్వారు కదా?"

దర్జీ గుంట తవ్విన మాట నిజమే. తవ్వింది తూర్పు వైపు. కూలింది పడమటి గోడ. ఈ సంగతి ఆ వీధిలో నిలబడ్డ ప్రతి ఒక్కరికీ తెలుసు. ఎందుకంటే ఆ గుంట వాసన గురించి ప్రతి ఒక్కరూ దర్జీతో గొడవపడ్డారు.

"తవ్వారండి" అన్నాడు అద్దాలోడు.

జనంలో కలకలం రేగింది. ఇంజనీరు చెయ్యెత్తాడు. "చూడండి, దర్జీ తప్పు దర్జీది. మీ పలకలు మీకున్నాయి, పగిలిన రోజు మీకూ ఇళ్లొస్తాయి. రోడ్డు మీద ఇలాగే కూర్చుంటే పలకలన్నీ పీకేసి పోతాం. తర్వాత మీ ఇష్టం."

ముందు ఇటుకలాయన గొంతు సవరించుకున్నాడు. "గుంట అయితే తవ్వాడు. లేదనడానికి లేదు."

"చెప్తే విన్నాడా?" అన్నారెవరో.

"ఎప్పుడు విన్నాడు గనక!"

అంతే. దర్జీ ఆసుపత్రిలో తల్లి మంచం పక్కన నిలబడి ఉండగా, ఇక్కడ అతని వీధి అతన్ని ఒక గుంటలో పూడ్చేసింది. రోడ్డు మీద కూర్చున్నవాళ్లలో నలుగురు లేచి బట్టలు దులుపుకున్నారు. కొట్టు పిన్ని ఒక్కతే, "తూర్పు గుంటకి పడమటి గోడ పడుతుందటయ్యా, వింటున్నారా!" అని అరిచింది. ఎవరూ వినలేదు.

ఆఫీసరు ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టింది. అద్దాలోడు ముందు నడిచి తలుపులు తీశాడు. ఆమె ప్రతి పలక దగ్గరా టార్చి వేసి, తేదీ చదివి, పుస్తకంతో సరిచూసి టిక్కు పెట్టింది. మసి పని చేసింది. నూనె జిడ్డు పని చేసింది. పదో ఇంటికల్లా అద్దాలోడి గుండె మామూలుగా కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఇరవయ్యో ఇంటికల్లా ఆకలేసింది. ముప్పై ఒకటో ఇల్లు దాటేసరికి, ఈ ఏడు కూడా తనకు ఏదో ఒక బహుమతి ఇస్తారేమో అన్న ఊహ కూడా వచ్చింది.

"ఇంకొక్కటే" అంది ఆఫీసరు.

ఆఖరి ఇల్లు అతని అక్కది.

ఆమెకు అరవై. చిరిగిన గోనెసంచులు కుట్టి అమ్ముతుంది. తల్లి పోయినప్పుడు అద్దాలోడికి మూడేళ్లు. అతన్ని చంకనేసుకుని, రెండో చేత్తో సంచులు మోసింది. తండ్రి పొలం గనిలో పోయినప్పుడు ఇంటికి ఒక ఉద్యోగం ఇస్తామన్నారు. ఆమె వేలిముద్ర వేసి ఆ ఉద్యోగం తమ్ముడికి వదిలింది. అతను రోజూ మధ్యాహ్నం ఆమె దగ్గరే అన్నం తింటాడు. తిన్న గదిలోనే, తల వెనక గోడలోనే పగులు. ఆ పలకను రెండుసార్లు మార్చాడు. రెండోసారి, మార్చి చెయ్యి కడుక్కుని అన్నానికి కూర్చున్నాడు.

ఈ పొద్దున అక్కడికి రావడానికి టైము చాలలేదు. చాలకపోయినా దిగులు పడలేదు. అక్క ఇల్లే కదా.

గదిలో ఆమె గోనెసంచి ఒళ్లో పెట్టుకుని కుడుతోంది. ఆఫీసరు వచ్చినా లేవలేదు. ఇంజనీరు గుమ్మంలో, అతని వెనక వీధి సగం. మేకలాయన కూడా ఎవరి భుజం మీంచో తొంగిచూస్తున్నాడు.

ఆఫీసరు టార్చి వేసింది. "ఇది మిగతావాటికంటే శుభ్రంగా ఉందే."

"మా అక్క శుభ్రంగా ఉంచుతుందండి" అన్నాడు అద్దాలోడు.

అక్క సూది ఆగింది. తమ్ముడి వైపు చూసింది. మళ్లీ కుట్టడం మొదలుపెట్టింది.

ఆఫీసరు తేదీ చదివి నలభై ఆరో టిక్కు పెట్టింది. కూలిన గోడతో పోయిన పలక తప్ప లెక్క సరిపోయింది. పుస్తకం చివరి పేజీ తీసి, సంతకం పెట్టడానికి పెన్ను మార్చింది.

అప్పుడే గుమ్మం బయట కొట్టు పిన్ని ఫోను మోగింది. "ఆ... చెప్పు దర్జీ..." అంది. చివరిదాకా వింది. ఫోను చెవి దగ్గర్నుంచి తీసి, అది తనది కానట్టు పక్కవాళ్ల చేతిలో పెట్టింది.

"పోయింది" అంది. "నీళ్లు అడిగిందట. తెచ్చేలోపే."

ఎవరూ ఏడవలేదు. ఇటుకలాయన తల మీది గుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు. ఇంజనీరు గడియారం చూసుకుని, చూసుకున్నట్టు ఎవరైనా చూశారేమోనని చుట్టూ చూశాడు. అద్దాలోడు గోడ వైపు చూస్తున్నాడు. ఒక ముసలావిడ తన గోడ ఎలా ఉందని అడిగింది, తను జవాబు చెప్పాడు. దానికి సాక్షి ఇక ఎవరూ లేరు. దుఃఖం కంటే ముందు అతనికి తట్టింది ఆ సంగతి.

అక్క దారం కొరికి తెంపింది. సంచి పక్కన పెట్టి లేచింది.

"అమ్మా" అంది ఆఫీసరుతో. "చదువుకున్నదానివి, నాకొకటి చెప్పు. గోడకి అతికించిన దాని కిందికి రంగు పోతుందా?"

"అంటే?"

"ఈ గోడ చూడు. ఏం రంగు?"

ఆఫీసరు టార్చి పైకెత్తింది. మిగులులో గోడలన్నీ తెల్లసున్నం. ఈ గది ఒక్కటే నీలం.

"పోయిన ఏడు వానలు తగ్గాక వేశాను. సున్నంలో నీలిమందు కలిపి. అంతకుముందు ఇదీ తెల్లదే."

"నా కొట్లోనే కొంది" అంది కొట్టు పిన్ని. "ఆరు పొట్లాలు. ఇల్లంతా ఆకాశం చేస్తావా అని అడిగా కూడా."

"వేసినప్పుడు పలక ఉంది. దాని చుట్టూ వేశా, ముద్దల మీద కూడా కుంచె పడింది. ఇప్పుడు చూడు. ముద్దలు తెల్లగా ఉన్నాయి. పలక మీద నాలుగేళ్ల నాటి తేదీ ఉంది. కొత్త ముద్ద పాత చోటు దాటి నీలం మీదికొచ్చింది, గీకి చూడమ్మా. కింద నీలమే ఉంటుంది."

అద్దాలోడు నీలం గోడను మొదటిసారి చూశాడు. ఈ గదిలో ఏడాదిగా రోజూ అన్నం తిన్నాడు. ఈ గోడకే రెండుసార్లు ప్లాస్టరు పెట్టాడు. అతను ఎప్పుడూ పగులునే చూశాడు, గోడను చూడలేదు.

ఆఫీసరు జేబులోంచి చిన్న చాకు తీసింది. ప్లాస్టరు ముద్ద అంచున పెట్టి నొక్కింది. పెచ్చు ఊడింది. పలక ఒక వైపు వేలాడింది. పెచ్చు కింద గోడ నీలంగా, నిన్ననే వేసినంత నీలంగా ఉంది. పెచ్చు వెనకవైపు కూడా నీలం అంటుకుని వచ్చింది. పలక పక్కకు తప్పుకున్న చోట పగులులో ఆమె చాకు మొన పెట్టింది. చాకు పిడి దాకా దిగింది.

"ఇది మార్చారు" అంది. పుస్తకం మూసింది. "ఎవరు మార్చారు?"

ఇంజనీరు అందరికంటే ముందు తేరుకున్నాడు. "వీళ్లలోనే ఎవరో మేడమ్. ఇళ్ల కోసం ఏమైనా చేస్తారు."

"ఇల్లు రాకుండా ఉండటానికి ఎవరైనా పలక మారుస్తారా?" అంది ఆమె.

ఆమె అద్దాలోడి వైపు తిరిగింది. "రోజూ చూసేది మీరే. ఎవరు?"

నిజం చెప్పడానికి ఆ గదిలో కావలసినంత చోటుంది. అతను దాని పక్కనుంచి తప్పుకుని వెళ్లాడు.

"నాకు తెలియదండి. ఇక్కడ... పలకల మీద పిచ్చి ఉన్నవాళ్లు ఒకరిద్దరున్నారు. పగిలిందని, పగల్లేదని..."

అతను ఎవరి పేరూ చెప్పలేదు. చెప్పనక్కర్లేదు. గుమ్మంలో ఉన్న తలలన్నీ, మూడేళ్ల అలవాటు కొద్దీ, మేకలాయన వైపు తిరిగాయి. మేకలాయన కూడా, మూడేళ్ల అలవాటు కొద్దీ, తల దించుకున్నాడు.

"ఆయన్ని చూడకండి" అంది అక్క.

గొంతు పెద్దగా లేదు. కానీ తలలు వెనక్కి తిరిగాయి.

"నాకు దగ్గర దగ్గర ఏడాదిగా తెలుసు. ఈ ముద్దలు తెల్లబడ్డ రోజు నుంచి తెలుసు. ఉద్యోగం పోతుందని, ఇల్లు పోతుందని నోరు మూసుకున్నా. గోడ పడితే నా మీదే కదా పడేదనుకున్నా. ఆ ముసలిదాని మీద కూడా పడుతుందని అనుకోలేదు. కాబట్టి నన్ను కూడా రాసుకో అమ్మా, ఆ పుస్తకంలో. ముందు నన్నే రాసుకో."

"అక్కా" అన్నాడు అద్దాలోడు. "అక్కా, లోపలికి రా, మాట్లాడుకుందాం."

"లోపలే ఉన్నాం రా."

అతను పైగుండీ పట్టుకున్నాడు. అతని వెనక వీధి మొత్తం గుమ్మం దగ్గరికి జరిగింది. నాలుగేళ్లుగా ఒకరింట్లో ఒకరు తొంగిచూస్తూ కూడా కనిపెట్టని దొంగ రోజూ ముందు గుమ్మంలోంచే వచ్చి, నవ్వుతూ, మంచినీళ్లు అడిగి తాగి వెళ్లాడని వాళ్లలో ఒక్కొక్కరికీ అప్పుడప్పుడే అర్థమవుతోంది.

ఆఫీసరు పెన్ను కాగితం మీద ఆనించింది. "ఎవరమ్మా?"

అక్క చెయ్యి చాపింది. మూడేళ్ల పిల్లాడిని పట్టుకున్నట్టే, అతని మణికట్టు పట్టుకుని అందరి ముందుకు లాగింది.

"వీడు. మా అమ్మ కడుపున పుట్టిన నా తమ్ముడు."